కాండోర్ 767లు వెళ్ళిపోయాయి: ముసలితనమా, లెక్కలా?

గోదారి_గగనం
జర్మనీ హాలిడే ఎయిర్‌లైన్ కాండోర్ 2024కల్లా తన బోయింగ్ 767-300ఈఆర్‌లన్నిటినీ సాగనంపింది. 1990ల మొదట్లో కొత్తగా కొన్నవి కూడా వాటిలో ఉన్నాయి, అంటే ముప్పై ఏళ్ళ సర్వీసు. వాటి స్థానంలోకి ఎయిర్‌బస్ ఏ330-900నియోలు వచ్చాయి. 2021 జూలైలో 16 విమానాలు ప్రకటించారు, తర్వాత సంఖ్య పెంచారు. మొదటిది 2022 డిసెంబరులో చేతికొచ్చింది.

నా ప్రశ్నలు మూడు. ఇన్నేళ్ళు నడిచింది ఇప్పుడే ఎందుకు ఆగింది? పది పన్నెండు పాత విమానాలుంటే ముందు ఏది పోవాలో ఎలా తేలుస్తారు? పోయాక దాన్ని ఏం చేస్తారు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "పాతబడింది కాబట్టి" అనే ఒక్క ముక్క జవాబు మాత్రం వద్దు.

కొత్తసీటు
పాతబడింది కాబట్టే కదండీ! ముప్పై ఏళ్ళ బస్సుకే ఫిట్‌నెస్ ఇవ్వరు. అలాంటి విమానంలో పిల్లాపాపలతో సముద్రం దాటించడమా?

నీలిమ_హ్యాంగర్
కొత్తసీటు గారూ, బస్సు లెక్క ఇక్కడ పనికిరాదు. విమానం ఒంటిని అలసగొట్టేది ఏళ్ళు కాదు, సైకిళ్ళు. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపితే ఒక సైకిల్. పైకి వెళ్ళిన ప్రతిసారీ లోపల గాలి ఒత్తిడికి ఒళ్ళు బెలూన్‌లా కాస్త ఉబ్బుతుంది, దిగాక మళ్ళీ సర్దుకుంటుంది. రివెట్ రంధ్రాల దగ్గర పగుళ్ళు పుట్టేది ఆ ఉబ్బి తగ్గడంలోనే.

1988 ఏప్రిల్ 28న అలోహా 243 పైకప్పు ఊడిపోయింది గుర్తుందా? అది 737-200. అప్పటికి గాల్లో ఉన్నది 35,496 గంటలే, కానీ సైకిళ్ళు 89,680. అంటే సగటున ఒక్కో ప్రయాణం 24 నిమిషాలు! హవాయి దీవుల మధ్య గెంతులు, దానికి తోడు ఉప్పు గాలి.

ఇప్పుడు హాలిడే 767 లెక్క వేయండి. ఏడాదికి 4,500 గంటల చొప్పున ముప్పై ఏళ్ళు అంటే 1,35,000 గంటలు. ఒక్కో ప్రయాణం సగటున 8 గంటలు అనుకుంటే సైకిళ్ళు 17 వేలు కూడా దాటవు. గంటల్లో ముసలిది, సైకిళ్ళలో నడివయసుది.

భద్రత మాటకొస్తే, 1991 మే 26న థాయ్‌లాండ్‌లో కూలిన లౌడా ఎయిర్ 767-300ఈఆర్‌కి రెండేళ్ళు కూడా నిండలేదు. పైకి ఎక్కుతుండగా ఒక ఇంజను థ్రస్ట్ రివర్సర్ (దిగాక వేగం తగ్గించడానికి ఇంజను తోపును ముందుకు మళ్ళించేది) తెరుచుకుంది, 223 మంది పోయారు. ఆ తర్వాతే రివర్సర్లకు గాల్లో తెరుచుకోకుండా అదనంగా సింక్ లాక్ అనే తాళం పెట్టించారు. ముప్పై ఏళ్ళ 767లో ఇలాంటి దిద్దుబాట్లన్నీ జరిగిపోయి ఉంటాయి.

బేగంపేట_బాబాయ్
వయసు గొడవ వచ్చింది కాబట్టి మనవైపు సంగతి ఒకటి. 1993 నవంబరు 15, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 440, మద్రాసు నుంచి హైదరాబాదు, ఏ300బీ2. హైదరాబాదులో కనుచూపు సరిగా లేక గో-అరౌండ్ చేశారు, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచారు. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి చాచే పలకలు) వెనక్కి రాలేదు. వాటిని అలాగే వేలాడేసుకుని మద్రాసు తిరిగి వెళ్ళబోతే దారిలోనే ఇంధనం అయిపోయి తిరుపతి దగ్గర పొలాల్లో దిగింది. అందరూ బతికారు. అప్పటికి అదీ పాత విమానమే. కానీ పొలంలో దింపింది ముసలితనం కాదు, ఫ్లాప్స్ దిగి ఉంటే ఇంధనం ఎంత ఎక్కువ తాగుతుందో ఆ లెక్క తప్పడం.

కాగితాల_రావు
బాబాయ్, మంచి గుర్తు. గోదారి గారి రెండో ప్రశ్నకు వస్తాను, అసలు మెలిక అక్కడే ఉంది.

ముందు పోయేది అన్నిటికంటే పాతది కాదు. ఎవరికి ముందు పెద్ద ఖర్చు మీద పడుతుందో అది. మూడు గడియారాలు ఒకేసారి తిరుగుతుంటాయి. ఒకటి హెవీ చెక్, అంటే ఒళ్ళంతా విప్పి చూసే తనిఖీ. రెండోది ల్యాండింగ్ గేర్ ఓవర్‌హాల్, దాదాపు పదేళ్ళకోసారి. మూడోది ఇంజన్లు.

ఊహకి రెండు విమానాలు తీసుకోండి. ఒకదానికి 29 ఏళ్ళు, పోయిన చలికాలమే హెవీ చెక్ అయింది. రెండోదానికి 24 ఏళ్ళే, కానీ ఈ అక్టోబరులో హెవీ చెక్, ఆ వెంటనే గేర్ గడువు. కొత్త ఏ330నియో నవంబరులో వస్తోందనుకుందాం. ఏది పోతుంది? కుర్రదే! 29 ఏళ్ళది ఇంకో రెండు వేసవులు హాయిగా తిరుగుతుంది, ఎందుకంటే దాని తనిఖీకి డబ్బు ఇప్పటికే కట్టేశారు.

అందుకే రిటైర్మెంట్లు సీజన్ చివర, అక్టోబరు ఆఖరులో టైమ్‌టేబుల్ మారే దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. కొత్త విమానం ఫ్యాక్టరీ నుంచి ఆలస్యమైందంటే మాత్రం మొత్తం వరుస తలకిందులు. ఆపాల్సినదాన్ని ఆపలేక, ఒక్క వేసవి కోసం పెద్ద చెక్ చేయించాల్సి వస్తే ఆ డబ్బు గోడకి కొట్టిన సున్నమే.

ఇంజన్లలో ఇంకో ఆట. డిస్కుల్లాంటి భాగాలకు సైకిళ్ళలో కచ్చితమైన ఆయుష్షు ఉంటుంది, 15 వేల నుంచి 20 వేల సైకిళ్ళ మధ్య. లాంగ్‌హాల్‌లో ఆ అంకె చేరడానికి చాలా కాలం పడుతుంది. దానికంటే ముందు ఈజీటీ (ఎగ్జాస్ట్ వేడి) మార్జిన్ తరిగిపోతుంది. నిండు బరువుతో, కరీబియన్ ఎండలో టేకాఫ్ చేసేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి హద్దు గీతకు ఎంత దగ్గరగా వెళ్తోందన్నదే ఆ మార్జిన్. అది సన్నబడితే ఇంజను దించి షాపుకి పంపాలి, షాపు బిల్లు పాత 767 ధరతో పోటీ పడుతుంది. కాబట్టి ఆఖరి రెండేళ్ళూ ఇంజన్లు షాపుకి పోవు, ఒక విమానం రెక్క నుంచి ఇంకోదాని రెక్కకి మారతాయి. ఇంకా సత్తువ మిగిలిన ఇంజన్లను ఉండే విమానాలకు తగిలిస్తారు, అరిగినవాటిని ఎడారికి (పాత విమానాలు నిలబెట్టే చోటికి) వెళ్ళేదానికి. ఇదంతా సొంత విమానమైతేనే. లీజుదైతే ఏ సీరియల్ నంబరు ఇంజన్లతో వచ్చిందో వాటితోనే అప్పగించాలి. లేదా యజమానితో కాగితం మీద మార్పిడి రాయించుకోవాలి.

గోదారి_గగనం
రావు గారూ, బాగుంది. అయితే ఇంధనం లెక్క? అదే అసలు కారణమని అందరూ అంటారు కదా.

కాగితాల_రావు
ఇంధనమే అసలు కారణమైతే చమురు ధర మండిన 2008లోనే, పోనీ ఆ తర్వాతైనా పోవాలి కదా? పోలేదు. అప్పు తీరిపోయిన 767కి నెలవారీ వాయిదా ఉండదు. కొత్త విమానానికి ఎగిరినా ఎగరకపోయినా వాయిదా ఆగదు. పాతదాన్ని ఆపాలంటే ఆదా అయ్యే ఇంధనం, తప్పించుకున్న హెవీ చెక్, పెరిగిన సీట్లు, కార్గో అన్నీ కలిపి ఆ వాయిదాను దాటాలి. దానికితోడు కొత్త విమానాలకు డబ్బు పెట్టే యజమాని ఉండాలి.

కాండోర్‌కి ఆ చివరిదే చాలాకాలం లేదు. మాతృసంస్థ థామస్ కుక్ 2019 సెప్టెంబరు 23న కుప్పకూలింది. జర్మనీ ప్రభుత్వం, హెస్సె రాష్ట్రం హామీతో 38 కోట్ల యూరోల బ్రిడ్జ్ లోన్ వస్తే గాలిలో నిలిచింది. 2020 జనవరిలో పోలాండ్ ఎయిర్‌లైన్ లాట్ మాతృసంస్థ కొంటానంది, కరోనా రాగానే ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. 2021లో అటెస్టర్ అనే పెట్టుబడి సంస్థ 51 శాతం తీసుకుంది. ఏ330నియో ఆర్డరు తేదీ మళ్ళీ చూడండి: 2021 జూలై. విమానం ముసలిదైన రోజు కాదది, డబ్బున్న యజమాని దొరికిన రోజు.

గోదారి_గగనం
ఒప్పుకున్నాను. అయినా ఒక లెక్క. కాండోర్ చెప్పే అంకె ప్రయాణికుడికి 100 కిలోమీటర్లకు 2.1 లీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పుంటా కానాకు సుమారు 7,600 కిలోమీటర్లు, ఏ330నియోలో సీట్లు 310. గుణిస్తే దాదాపు 49,500 లీటర్లు, 40 టన్నులకు కాస్త తక్కువ. ఇది సీట్లన్నీ నిండినప్పటి బ్రోచర్ అంకె. ట్యాక్సీయింగ్, ఎదురుగాలి, రిజర్వు కలిపితే ట్యాంకులో ఎక్కించేది ఇంకా చాలా ఎక్కువే.

నీలిమ_హ్యాంగర్
రావు గారు "హెవీ చెక్" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఆ ఖర్చు ఎక్కడినుంచి పుడుతుందో చెప్తాను.

సీట్లు తీస్తారు, కార్పెట్ తీస్తారు, నేల పలకలు లేపుతారు. లోపల అన్నిటికంటే పాడైన చోటు ఎప్పుడూ ఒకటే: గ్యాలీల (వంట అరల) కింద, టాయిలెట్ల కింద, తలుపుల గడపల దగ్గర. ఇరవై ముప్పై ఏళ్ళుగా ఒలికిన కోలా, కాఫీ, జ్యూస్, టాయిలెట్ నీళ్ళు నేల పలకల సందుల్లోంచి దిగి సీట్ ట్రాకుల మీద, వాటి కింద దూలాల మీద చేరతాయి. టార్చి వేసి చూస్తే ముందు తెల్ల పొడి కనిపిస్తుంది. దాన్ని గీకితే కింద అల్యూమినియం ఉల్లిపాయ పొరల్లా విడిపోతూ ఉంటుంది. ఆ పొరలు తీసేసి, ఎంత లోతు పోయిందో కొలిచి, మిగిలిన మందం స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ ఒప్పుకునే హద్దులో ఉంటే ప్రైమర్ వేసి వదిలేస్తారు. హద్దు దాటితే ఆ దూలం ముక్క మార్చాలి. సామాను వారాల తర్వాత వస్తుంది, అప్పటిదాకా విమానం హ్యాంగర్‌లోనే.

పాత విమానం చెక్‌లో జాబితా ప్రకారం చేసే పని అయిపోవడానికి ఎన్నాళ్ళో ముందే తెలుసు. విప్పాక బయటపడే పని ఎంతో ఎవరికీ తెలియదు. వయసు పెరిగేకొద్దీ ఆ రెండో భాగం మొదటిదాన్ని మించిపోతుంది. ఆరు వారాలని బుక్ చేసిన స్లాటు పదివారాలైతే ఆ నాలుగు వారాలూ వేరే విమానం అద్దెకు తెచ్చుకోవాలి.

హాలిడే విమానాల్లో ఇంకో తంటా: సీట్లు ఎక్కువ, పిల్లలు ఎక్కువ, ఒలకడమూ ఎక్కువ. నవ్వులాట కాదు, బిల్జ్‌లో (ఒంటి అడుగున) చెమ్మ ఎక్కువగానే ఉంటుంది.

డ్యూయల్_రేటింగ్
కాక్‌పిట్ వైపు నుంచి కూడా కొంత. 767 డిస్‌ప్లేలు సీఆర్‌టీ గొట్టాలు, పాత టీవీల్లాంటివి. కొత్తవి తయారు కావు, విప్పిన విమానాల నుంచి వచ్చినవే స్పేర్లు. ఫ్లాట్ ప్యానెల్‌కి మార్చే కిట్లు ఉన్నాయి కానీ రెండేళ్ళలో పోయే విమానానికి ఎవరు పెడతారు? నావిగేషన్ డేటా ప్రతి 28 రోజులకు మారుతుంది. పాత ఎఫ్‌ఎమ్‌సీ (దారి చూసే కంప్యూటర్) మెమరీ చిన్నది కాబట్టి ప్రపంచం మొత్తం అందులో పట్టదు. తను వెళ్ళే ప్రాంతాలకే డేటా కత్తిరించి ఎక్కిస్తారు.

ఉత్తర అట్లాంటిక్ మీద ఎఫ్‌ఎల్290 నుంచి ఎఫ్‌ఎల్410 మధ్య, అంటే 29 వేల నుంచి 41 వేల అడుగుల మధ్య, ఎగరాలంటే డేటాలింక్ (కంట్రోలర్‌తో రాతపూర్వక సందేశాల పరికరం) కావాలి. అది లేని విమానం మామూలుగా 29 వేల అడుగుల కిందే దాటాలి. ఆ ఎత్తులో ఇంజను ఎక్కువ తాగుతుంది. కాబట్టి పాతదైనా ఆ పరికరం పెట్టించక తప్పదు, అది ఇంకో ఖర్చు.

ఎక్కువమంది పట్టించుకోనిది పైలట్ల లెక్క. 757కీ 767కీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఒకటే. కాండోర్ దగ్గర రెండూ ఉండేవి కాబట్టి అదే పైలట్ ఈరోజు 757-300లో కానరీ దీవులకు, రేపు 767లో కరీబియన్‌కు వెళ్ళగలిగేవాడు. 757-300ని మొదట సర్వీసులోకి తెచ్చింది కాండోరే, 1999లో. 767 పోయాక ఆ పైలట్ల పూల్ సగానికి తెగిపోయింది, 757 ఒంటరిదైంది. 2025 చివర్లో 757-300లు కూడా వెళ్ళిపోయాయంటే ఆశ్చర్యం ఏముంది? వచ్చింది ఏ321నియో. ఏ320 కుటుంబం పైలట్ ఏ330కి మారాలంటే చిన్న కోర్సు చాలు, కాక్‌పిట్ తత్వం ఒకటే కాబట్టి. ఒక రకం విమానాన్ని ఒక్కదాన్నే తీయలేరు, దాని కవలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

లోడ్‌షీట్_శ్రీను
అందరూ పైన చూస్తున్నారు, కింద బొజ్జ కూడా చూడండి. 767 ఒళ్ళు సన్నం, 5.03 మీటర్లు. దానికోసమే ఎల్‌డీ2 అనే కంటైనర్ చేశారు. ప్రపంచంలో మిగతా వైడ్‌బాడీలన్నీ (లోపల రెండు నడక దారులున్న పెద్ద విమానాలు) వాడేది ఎల్‌డీ3. అది 767లో పట్టదు. 767-300లో ఎల్‌డీ2లు 30 పడతాయి, ఒక్కోటి సుమారు 3.4 ఘనపు మీటర్లు, అంటే మొత్తం 102. ఏ330-900లో ఎల్‌డీ3లు 33, ఒక్కోటి 4.3 చొప్పున 142 దాకా. సామాను పెట్టెలు సర్దాక అమ్ముకోవడానికి మిగిలే జాగాలోనే అసలు తేడా.

ముందు కార్గో తలుపు వెడల్పుది ఉంటుంది, దానిలోంచి ప్యాలెట్ దూరుతుంది. వెనక తలుపు చిన్నదైతే అక్కడ ఎల్‌డీ2లే గతి. వెనక బరువు కావాల్సి వచ్చినప్పుడు ప్యాలెట్ సరుకు అటు పంపలేం. బ్యాలెన్స్ కుదర్చడానికి తల బద్దలవుతుంది.

డ్యూయల్_రేటింగ్
శ్రీను అన్నా, చిన్న సవరణ. ఎల్‌డీ3 767లో పడుతుంది. పక్కపక్కన రెండు పట్టవు, వరుసకి ఒకటే. మిగతా వెడల్పు వృథా.

లోడ్‌షీట్_శ్రీను
అవును, తొందరలో రాశాను. అందుకే ఎవరూ అలా నింపరు.

ఇంకోటి, రెక్కల వెడల్పు. 767-300 రెక్కలు 47.57 మీటర్లు, వింగ్‌లెట్లు పెట్టినా 50.9. అది ఎయిర్‌పోర్టుల రెక్కల కొలతలో కోడ్ డీ, 52 మీటర్లలోపు. ఏ330నియో 64 మీటర్లు, కోడ్ ఈ. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ఇబ్బంది లేదు. చిన్న దీవుల్లో 767 నిలిచే స్టాండులో ఏ330నియో నిలవకపోవచ్చు, లేదా పక్క స్టాండు ఖాళీ చేయించాలి. ట్యాక్సీవే అంచుల దూరం, రన్‌వే చివర తిరిగే జాగా, నేల పటుత్వం అన్నీ మళ్ళీ చూడాలి. 767 గరిష్ఠ టేకాఫ్ బరువు 187 టన్నుల లోపు, ఏ330-900ది 250 టన్నులకు పైనే. నేల పటుత్వానికి పాత పీసీఎన్ బదులు 2024 నవంబరు నుంచి పీసీఆర్ పద్ధతి వచ్చింది, కాబట్టి పాత పట్టిక చూసి సరిపోతుందని రాసేయకండి. విమానాన్ని లాగే టో బార్, నేల మీద కరెంటిచ్చే జీపీయూ కేబుళ్ళు, లోడర్ ఎత్తు, ఎల్‌డీ3 నిల్వ... విమానం రాకముందే ప్రతి గమ్యంలో ఇవన్నీ టిక్ పెట్టుకోవాలి.

కొత్తసీటు
సరే, భద్రత మాట వెనక్కి తీసుకున్నాను. కానీ సీట్లు? 767లో 2-3-2. జంటకి రెండు, మధ్యలో ఇరుక్కునేది వరుసలో ఒక్కరే. ఏ330లో 2-4-2. ఇది మెరుగా?

గోదారి_గగనం
వరుసలో ఏడుగురిలో ఆరుగురికి కిటికీయో దారో దక్కేది, ఇప్పుడు ఎనిమిదిలో ఆరుగురికి. ఆ విషయంలో 767ని మించింది రాలేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ నలుగురి కుటుంబానికి ఆ మధ్య నాలుగూ బాగుంటాయి. పైగా కాండోర్ 310లో 30 బిజినెస్, 64 ప్రీమియం ఎకానమీ పెట్టింది. డబ్బు అక్కడ వస్తుంది, 2-3-2లో కాదు.

కాగితాల_రావు
ఇక మూడో ప్రశ్న. ఆఖరి ప్రయాణికుడు దిగాక ఏమవుతుంది?

లీజుదైతే ముందు కాగితాలు. ఆయుష్షు హద్దున్న ప్రతి భాగానికీ పుట్టిన రోజు నుంచి ఈరోజు దాకా ఏ విమానం మీద ఎన్ని సైకిళ్ళు తిరిగిందో తెగకుండా గొలుసు ఉండాలి. 1996లో ఏదో షాపులో ఒక డిస్క్ మార్చి సంతకం లేని కాగితం పెట్టారనుకోండి, ఆ డిస్క్ ఎంత బాగున్నా తుక్కే. విమానం ఎడారిలో పడి ఉంటుంది, జనం నెలల తరబడి పెట్టెల్లో కాగితాలు వెతుకుతుంటారు. పాత విమానంలో సగం విలువ లోహంలో, మిగతా సగం అట్టపెట్టెల్లో.

విప్పే వరుసలో ముందు ఇంజన్లు, ఎందుకంటే విలువలో ఎక్కువ భాగం వాటిదే. తర్వాత ఏపీయూ, అంటే తోకలోని చిన్న సహాయక ఇంజను. 767లోది జీటీసీపీ331-200, అదే రకం 757లో కూడా, కాబట్టి గిరాకీ ఉంటుంది. ఆ తర్వాత ల్యాండింగ్ గేర్, రివర్సర్లు, ఏవియానిక్స్, ఫ్లైట్ కంట్రోళ్ళ యాక్చుయేటర్లు. గేర్ తీసేముందు ఒంటిని ఆధారాల మీద నిలబెట్టాలి. ఇంజన్లు దించగానే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది, తోక కిందపడకుండా ముందు బరువు కట్టాలి. ఇది మరిచిపోయి తోక మీద కూర్చోబెట్టినవాళ్ళు ఉన్నారు.

చివరికి మిగిలింది ముక్కలు. ముక్కలు చేయకముందే మంటలార్పే హాలోన్ బాటిళ్ళు, హైడ్రాలిక్ ఆయిల్, రసాయన ఆక్సిజన్ జెనరేటర్లు తీసేయాలి. ఎయిర్‌బస్ 2006-07లో ఫ్రాన్స్‌లోని తార్బ్‌లో పామెలా పేరుతో ఒక ఏ300ని విప్పి చూసింది. బరువులో 85 శాతం దాకా మళ్ళీ వాడుకోవచ్చని తేలింది.

నీలిమ_హ్యాంగర్
వెంటనే విప్పకుండా "చూద్దాం, కొనేవాళ్ళు వస్తారేమో" అని నిలబెడితే ఆ జాగ్రత్తలు వేరు. ఇంజను నోళ్ళు, వేగం, ఎత్తు కొలవడానికి గాలి తీసుకునే పీటో గొట్టాలు, స్టాటిక్ రంధ్రాలు మూయాలి. లేకపోతే కందిరీగలు గూడు కడతాయి. ఇంజన్లలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి రంగు మారితే మార్చాలి. తాగునీటి ట్యాంకు, టాయిలెట్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ల్యాండింగ్ గేర్ మెరిసే పిస్టన్‌కు గ్రీజు పూయాలి. చక్రాలు ఒకే చోట నొక్కుకుపోకుండా రెండు వారాలకోసారైనా తిప్పాలి. ట్యాంకుల్లో కొంత ఇంధనం ఉంచుతారు, గాలికి ఊగకుండా బరువు కోసమూ, సీళ్ళు ఎండకుండానూ. దానిలో సూక్ష్మజీవులు పెరగకుండా మందు కలపాలి. ఇవి ఆరు నెలలు మానేస్తే మళ్ళీ ఎగిరించే ఖర్చు విమానం ధరను మించిపోవచ్చు.

బేగంపేట_బాబాయ్
మరి సరుకు విమానంగా మార్చే ముచ్చట? 767లకి ఆ గిరాకీ ఎక్కువని విన్నాను.

కాగితాల_రావు
ఉంది బాబాయ్, కానీ ప్రతిదానికీ కాదు. మార్చేవాళ్ళు సైకిళ్ళు తక్కువున్నవి, కాగితాలు శుభ్రంగా ఉన్నవి ఏరుకుంటారు. ఈ మార్పిడి రకాల్లో బోయింగ్‌ది బీసీఎఫ్, ఇజ్రాయెల్ ఐఏఐది బీడీఎస్‌ఎఫ్. ఎడమవైపు, రెక్కకు ముందు ఒంటికి పెద్ద కోత పెట్టి తలుపు బిగిస్తారు, ఆ చుట్టూ ఫ్రేములు గట్టిచేస్తారు. నేల దూలాలు బలమైనవి వేస్తారు, కాక్‌పిట్ వెనక 9జీ అడ్డుగోడ (సరుకు బరువుకు తొమ్మిది రెట్ల తాకిడిని తట్టుకునేది) పెడతారు, పొగ కనిపెట్టే ఏర్పాటు చేస్తారు. ప్రధాన డెక్ మీద 24 ప్యాలెట్లు. దాదాపు నాలుగు నెలల పని. ఇంతా పెట్టి ఇంకో పదిహేనేళ్ళు తిప్పాలి కాబట్టి ముప్పై ఏళ్ళదాన్ని దాదాపు ఎవరూ ముట్టరు, ఇరవై చుట్టూ ఉన్నదైతే చూస్తారు. బోయింగ్ కొత్త 767 సరుకు విమానాల తయారీ 2027లో ఆపేస్తానని 2024 అక్టోబరులో ప్రకటించింది, కాబట్టి మంచి పాతవాటి కోసం వెతుకులాట ఇంకొన్నాళ్ళు ఉంటుంది.

కొత్తసీటు
మరి కిటికీలు?

నీలిమ_హ్యాంగర్
అద్దాలు తీసి అల్యూమినియం బిళ్ళలు బిగిస్తారు. దగ్గరికెళ్ళి చూస్తే రంగు కింద వరుసగా ఆ గుండ్రటి అంచులు కనిపిస్తూనే ఉంటాయి.